బాలవ్వకు ఇద్దరు మనవలు

సగం పోగులు అతికేసరికి లస్మయ్యకు తుమ్ము వచ్చింది.

2021 ఏప్రిల్ అది. సూరత్‌లో ఆ నెల దొంగతనం చేసి దొరికినవాడినైనా క్షమించేవారేమో కానీ, నలుగురిలో తుమ్మినవాడిని క్షమించేవారు కాదు. లస్మయ్య ముక్కును భుజానికేసి అదిమి, తుమ్మును మింగి, కళ్ళలో తిరిగిన నీళ్ళలోంచే తరువాతి పోగును వెతికి అందుకున్నాడు. చేతులు ఆగలేదు. నలభై రెండేళ్ళలో ఆ చేతులు ఆగింది ఒక్కసారే, నిరుడు లాక్‌డౌన్‌లో. ఆగిన ఆ కొద్దిరోజుల్లోనే ఆయన ముఖం పోయింది. పోయిందంటే ఎక్కడికో పోలేదు. ఊరందరి ఫోన్లలోకి పోయింది.

మగ్గాలుండే కొట్టాన్ని సూరత్‌లో ఖాతా అంటారు. బ్యాంకులో ఖాతా లేనివాడికి కూడా ఇక్కడి లింబాయత్‌ పేటలో ఖాతా ఉంటుంది. అందులో ఏళ్ళ తరబడి జమయ్యేది చెవుడు. ఈ ఖాతాలో నలభై ఎనిమిది మగ్గాలు. ఒకదాని మీద పడుగు అయిపోగానే దాన్ని ఆపి, దారం చుట్టిన కొత్త బీమును వెనక అమరుస్తారు. పాత పడుగు కొసలు ఇటు వేలాడుతుంటాయి, కొత్తవి అటు. ప్రతి పాత కొసకూ ఒక కొత్త కొసను కలిపి మెలిపెట్టాలి. వేళ్ళకు ఇంత బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క నలుపు. అంతే. అలాంటివి నాలుగు వేలు. మనిషికున్నవి పది వేళ్ళు. ఆ వేలను ఈ వేళ్ళతోనే గెలవాలి. లస్మయ్య ఊరివైపు దీన్ని ‘వైపని’ అంటారు, కోస్తా నేతగాళ్ళు ‘అచ్చులతకడం’ అంటారు. అతుకు కనపడకుండా అతకడమే ఆయన బతుకు.

అరవై ఒక్కేళ్ళ మనిషి. పొట్టి. పీట మీద కూర్చుని కూర్చుని నడుము ముందుకు వంగిపోయి, నిలబడినా ఏదో పోగు వెతుకుతున్నట్టే ఉంటాడు. కుడి బొటనవేలు కొస అరిగి చదునైంది. దాని మీద గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషను మీద వేలు పెడితే, ఈ మనిషి లేడంటుంది మిషను. లేడన్నప్పుడల్లా ఆయన మాస్కు దించి ముఖం చూపిస్తాడు. దుకాణంవాడు చూసి, "హా కాకా, నువ్వే" అంటాడు. వేలిముద్ర లేని మనిషికి మిగిలిన గుర్తు ముఖం ఒక్కటే.

"లస్మన్నా, మల్ల వచ్చినవ్!" పక్క పీట మీది పరమేశ్ మగ్గాల మోతను మించి అరిచాడు. బీముకు ఆ చివర నుంచి అతుకుతూ వస్తున్న జోడీగాడు అతను. ఒళ్ళో పెట్టుకున్న ఫోనులో పాట ఆగి ప్రకటన వచ్చింది. "హీరో నడుమ ఎగురుతుండు, నడుమ నువ్వు! హీరోయిన్‌కన్న నువ్వే ఎక్కువసార్లు వస్తున్నవ్ తీ."

లస్మయ్య తల తిప్పలేదు. తిప్పకుండానే ఆయనకు ఆ ప్రకటన కంఠస్థం. నిరుడు నవాగామ్ గల్లీలో ఒక ట్రస్టువాళ్ళు సంచులు పంచారు. బియ్యం, పప్పు, నూనె, సబ్బు. ఒక పక్క నేత పనివాళ్ళు బారు తీరారు, ఇంకో పక్క నేతలు బారు తీరారు. వాటిని కిట్లు అన్నారు. అందరికీ కిట్టాయి, లస్మయ్యకు కిట్టలేదు. మార్కండేయుని గుడి ఉత్సవానికి ఏటా గల్లీ గల్లీ తిరిగి చందా రాసేవాడు ఆయనే. ఇచ్చేవాళ్ళ చేతులు చూసిన మనిషి, తన చెయ్యి చాచడం అదే మొదలు. మాస్కు దించమన్నారు. సంచిని ఛాతీ దాకా ఎత్తమన్నారు. నవ్వొద్దన్నారు. ఆ చివరిమాట అనవసరం.

ఆ ఫొటోకు ఏం చేశారో కానీ, ఫోనులో లస్మయ్య అసలు లస్మయ్యకన్నా నల్లగా, పదేళ్ళు ముసలిగా ఉన్నాడు. బుగ్గల గుంటలు ఇంకా లోతు చేశారు. కింద హిందీలో రాత, వెనక ఏడుపు సన్నాయి. పరమేశ్ మొదటిసారి చదివి వినిపించినప్పుడు అర్థమైనదిది: కరోనా ఈ నేతతాత భార్యను ఎత్తుకుపోయింది, ఇద్దరు చిన్న మనవలు ఇంట్లో ఆకలితో చూస్తున్నారు, మీ ఒక్క వేలు కదిలితే వాళ్ళకు అన్నం. పక్కనే ఎవరి పిల్లలో ఇద్దరు. పెద్దపెద్ద కళ్ళు.

భార్య బాలవ్వ నవాగామ్ గదిలో చీరల వెనక దారాలు కత్తిరిస్తూ బతికే ఉంది. మనవలంటారా, మనవలు పుట్టాలంటే ముందు పిల్లలు పుట్టాలి. వాళ్ళకు పుట్టలేదు.

"బిడ్డలు లేకుంటనే మనవలను ఇచ్చిండ్రు," అని ఆ రోజు నవ్వింది బాలవ్వ. "ఎంత దయగల్లోళ్ళో చూడు. నొప్పులు కూడ రాలే."

అప్పటికి లస్మయ్యకు సిగ్గు మాత్రమే. భయం నాలుగు రోజుల కింద మొదలైంది. కోరుట్ల దగ్గరి పల్లెలో ఉండే బామ్మర్ది అంబదాస్ కొత్తగా పెద్ద ఫోను కొన్నాడు. కొన్న రోజే అందులో బావ ముఖం కనపడింది. రాత ఎవరితోనో చదివించుకున్నాడు. ఫోను చేస్తే, ఖాతా మోతలో లస్మయ్యకు వినపడలేదు, తెలియని నంబరని తరువాత తిరిగి చేయనూ లేదు. బాలవ్వ ఫోను చార్జింగు లేక చచ్చి పడుంది. ఇంకేముంది, అక్క పోయిందని అంబదాస్ గుండె బాదుకున్నాడు. రైళ్ళు నమ్మేటట్టు లేవు. తమ్ముడి ధర్మం తమ్ముడు చేశాడు. తలమీద నీళ్ళు పోసుకున్నాడు. మూడో రోజు అన్నం వండి, అక్కకు ఇష్టమని చింతచిగురు కూర చేయించి, విస్తట్లో పెట్టి చెరువుగట్టున పిట్టకు పిండం పెట్టాడు.

పోయిన మనిషికి కోరిక మిగిలితే పిట్ట ముట్టదు. గంటలకు గంటలు చేతులు జోడించి బతిమాలాలి. బాలవ్వ విస్తరిని కాకి, అంబదాస్ లేచి రెండడుగులు వెనక్కి వేయకముందే వచ్చి ముట్టింది.

ఆ సాయంత్రం ఫోను కలిసి, అక్క గొంతు విని, అంబదాస్ ఎంతసేపు ఏడ్చాడో అంతసేపూ బాలవ్వ నవ్వింది. "చచ్చిందని పుకారు లేస్తె ఆయుసు పెరుగుతదిరా తమ్మీ. పో, నీ పున్యాన నూరేండ్లు." కాకి తల మీద తన్నితే, ఆ కీడు పోవాలని, చుట్టాలకు కావాలనే అబద్ధపు చావుకబురు పంపి ఏడిపించే జనం వాళ్ళది, ఆ లెక్కన ఆమె మాట సబబే. కానీ లస్మయ్య గుండెలో కాకి వాలింది. కబురు వేరు, పిండం వేరు. ముట్టిందంటే ఎక్కడో పేరు రాసుకున్నట్టే. ఆ ఫోనులో ఆ రాత ఉన్నంతకాలం, చూసినవాడెవడైనా అయ్యో అన్నప్పుడల్లా, ఆమె కొంచెం కొంచెం చనిపోతున్నట్టే. ఆ రాతను తీసేయించాలి. ఫొటో తీసింది ట్రస్టువాళ్ళే, తీసెయ్యాల్సిందీ వాళ్ళే. ప్రకటనలో ఉన్న నంబరుకు ఫోను చేస్తే సన్నాయి వినపడుతుంది, మనిషి పలకడు. అందుకని ఇవాళ పొద్దున్నే బీము ఎక్కించుకుని, మధ్యాహ్నానికి ముగించి, కతర్‌గామ్‌లోని ట్రస్టు ఆఫీసుకు బాలవ్వను వెంటబెట్టుకుని పోవాలని పెట్టుకున్నాడు.

"వదినెకు జరం తగ్గిందానే?" అడిగాడు పరమేశ్, ఫోను జేబులో వేసుకుంటూ.

"తగ్గింది. ఎండ జరం. మెడికల్ల గోలీలు తెస్తే రెండొద్దులకే పోయింది."

"పరీక్ష చేయించకపోయినవ్?"

"ముందుగాల గీ పిట్ట సంగతి తెగాలె," అన్నాడు లస్మయ్య. "గది తెగితే అన్నీ తెగుతయ్."

పరమేశ్ మళ్ళీ పోగుల మీదికి వంగాడు. నాలుగు వేల పోగుల మధ్య ఇద్దరి వేళ్ళూ దగ్గరకు వచ్చి, పన్నెండున్నరకు కలిశాయి. మగ్గాన్ని చేత్తో కొంచెం తిప్పి చూశాడు లస్మయ్య. అతుకులన్నీ ఒక్క వరుసలో, పోగులను విడదీసే అచ్చు దాటి ఇవతలికి వచ్చాయి. ఒక్కటీ తెగలేదు.

"కాకా, సాంజ్ కో దూస్‌రా బీమ్," అన్నాడు శేఠ్, గాజు తలుపు వెనక నుంచి, మాస్కు మీద మాస్కుతో. సాయంత్రం ఇంకో బీము. సాయంత్రమంటే సాయం చేసే శేఠ్ ఎవడూ లేడు. లస్మయ్య తలూపి, బూడిద చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

*

గదిలో బాలవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందు చీరల కుప్ప, ఒళ్ళో కత్తెర. కత్తెర కదలడం లేదు.

"కునికినవా?"

"లేదు. గాలి తీస్కుంటున్న," అంది. "ఇగో, నిజంగ పోవాల్నా? నా చావు మీద నలుగురు బువ్వ తింటున్నరేమో. తిననియ్యరాదు."

"లెవ్వు. చీర మార్చుకో."

"చచ్చినదాన్ని చూపెట్టనీకి పోతున్నవ్. మంచి చీరే కట్టాలె." ఆకుపచ్చది తీసింది. కట్టుకుంటూ రెండుసార్లు మంచం మీద కూర్చుంది. లస్మయ్య మోకాళ్ళ నొప్పులనుకున్నాడు. ఆయనకు తెలిసిన నొప్పులవి.

ఆటోలో దారి పొడవునా అంబులెన్సులు. ప్రతిదానికీ ఆటోవాడు పక్కకు జరిగాడు, ప్రతిదానికీ లస్మయ్య మనసులో మార్కండేయునికి దండం పెట్టుకున్నాడు. మృత్యువును శివలింగం పట్టుకుని ఆపిన పిల్లవాడు తమ కులానికి మూలపురుషుడు. ఆ మాత్రం పలుకుబడి ఉండకపోదని ఆశ. బాలవ్వ ఆటో కడ్డీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆఫీసు మూడో అంతస్తు. కరోనా అని లిఫ్టు ఆపేశారు. కింద కాపలామనిషి ఇద్దరి నుదుళ్ళకూ తుపాకీ పెట్టాడు. అది పేలలేదు, పలికింది. జ్వరం లేదంది. పైకి పొమ్మన్నాడు.

మొదటి అంతస్తు మలుపులో బాలవ్వ మెట్టు మీద కూర్చుంది. రెండో అంతస్తు దగ్గర మళ్ళీ కూర్చుంది. పెదవులు కొంచెం ఊదాగా ఉన్నాయి. మాస్కు కింద లస్మయ్యకు కనపడలేదు.

"గీ మెట్లు ఎక్కితే ఉన్నోళ్ళు కూడ పోతరు," అంది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "ఏం జేస్తరు... ట్రస్టు అన్నంక... మీదనే ఉంటది. కిందోళ్ళకు... అందకుంట."

"మాట్లాడకు. ఇంకొక్కటే అంతస్తు," అన్నాడాయన. చెయ్యి పట్టుకుని లేపాడు. అరిగిన ఆ బొటనవేలు ఆమె మణికట్టు మీదే ఉంది. నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆ వేలికి తెలియలేదు.

*

ఆఫీసులో ఎనిమిది కుర్చీలు, ఒక్క మనిషి. ఇరవై మూడేళ్ళ పిల్ల, చెవుల్లో తీగలు, ముందు కంప్యూటరు. తలెత్తి లస్మయ్యను చూసి ఉలిక్కిపడింది. రోజూ తెరమీద చూసే ముఖం ఎదురుగా, కొంచెం తెల్లగా, వచ్చి నిలబడితే ఎవరైనా ఉలిక్కిపడతారు.

లస్మయ్య తనకొచ్చిన హిందీలో మొదలుపెట్టాడు. రెండో వాక్యానికే ఆ పిల్ల చెవి తీగలు తీసేసింది. "తెలుగుల చెప్పండి కాకా. మేం కూడ మనోళ్ళమే. నా పేరు సుమన."

"మీది ఏ ఊరు బిడ్డా?" వెంటనే అందుకుంది బాలవ్వ, కుర్చీలో కూలబడుతూ.

"సూరతే, కాకి."

గుజరాతీలో పినతల్లిని కాకి అంటారు. బాలవ్వ నలభై ఏళ్ళుగా ఆ పిలుపు వింటూనే ఉంది. కానీ ఇవాళ వినగానే పగలబడి నవ్వింది, దగ్గు వచ్చేదాకా నవ్వింది. "విన్నవా? నన్ను కాకి అంటుంది! అంటే నా పిండం నేనే తిన్నట్టు. గందుకే గంత జల్ది ముట్టింది."

సుమనకు అర్థం కాలేదు. లస్మయ్య చెప్పాడు. ప్రకటన, బామ్మర్ది, నీళ్ళు పోసుకోవడం, విస్తరి, పిట్ట. చెబుతున్నకొద్దీ ఆ పిల్ల ముఖం ముడుచుకుపోయింది.

"ఫొటో తీసెయ్ బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత."

"అట్ల అనకు కాకా. ఫొటో తీసుడు నా చేతుల లేదు. సర్ చూస్తరు, సర్ అమ్దావాద్‌ల ఉంటరు. మీరు కాగజ్ మీద అంగూఠా పెట్టిండ్రు కద, అచ్ఛా, అదైతే..." ఫైలు తెరిచి చూపించింది. ఒప్పుకోలు కాగితం అడుగున ఒక బూడిదరంగు చుక్క ఉంది. గీతలు లేవు. దాన్ని ముద్ర అనడానికి లేదు, మరక అనాలి. ఆ వేలిని చూసి రేషన్ మిషను లేడంటుంది. ట్రస్టు మాత్రం ఉన్నాడని నమ్మింది. సూరత్ మొత్తంలో ఆయన వేలిని నమ్మిన సంస్థ అదొక్కటే.

"మరి గా రాత ఎవరు రాసిండ్రు?"

సుమన మేజాబల్ల మీద దుమ్ము లేకపోయినా తుడిచింది. "నేనే కాకా." తుడుస్తూనే అంది, "ముందుగాల మామూలుగనే రాసిన. నేతతాత, పని లేదు అని. ఎవ్వరు ఆగలే. అందరు వేలుతోని పైకి తోసేసుడే. సర్ అన్నరు, ఇంట్ల ఎవరన్న పోతే ఆగుతరు అని. పేరు రాయలే కద, ఎవరికి తెలుస్తది అనుకున్న. తెలుగోళ్ళు చూస్తరని నా దిమాగ్‌కు రాలే."

"నన్ను చంపింది నువ్వేనా?" బాలవ్వ ముందుకు వంగి చూసింది. కోపం లేదు, వింత ఉంది. "సూడనీకి ఎంత మంచిగున్నవ్. పెండ్లయిందా?"

"కాకి, మాఫ్ చెయ్."

"చేసిన తియ్యి. ఇప్పుడు బతికియ్యి మల్ల."

రాతను మార్చడం తన చేతుల్లోనే ఉందంది సుమన. అయితే సర్ అడిగితే చూపించడానికి రుజువు కావాలి, ఇద్దరిదీ కలిపి ఒక ఫొటో తీస్తానంది. గోడ దగ్గర నిలబెట్టింది. మాస్కులు దించారు. బాలవ్వ కొంగు సర్దుకుని, లస్మయ్య భుజానికి ఆనుకుంది. మామూలుగా నలుగురిలో అలా ఆనుకునే మనిషి కాదు.

"నవ్వొద్దా?" అడిగాడు లస్మయ్య.

"నవ్వండి కాకా."

ఆయనకు రాలేదు. పక్కన ఆమెకు ఆగలేదు.

సుమన కంప్యూటరు ముందు కూర్చుని పాత రాత చెరిపింది. కొత్తది పైకి చదువుతూ కొట్టింది. "ఈ నేతతాత, ఈయన భార్య బాలవ్వ... నలభై రెండేళ్ళుగా సూరత్‌లో... మనవల లైను కూడ తీసేస్త కాకా. అది కూడ ఝూటే కద."

"ఆగు," అంది బాలవ్వ.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె తెరమీది పిల్లలిద్దరినీ చూస్తోంది. పెద్దది అమ్మాయి, చిన్నది అబ్బాయి. వాడి ముక్కు కారుతోంది.

"గీ పోరగాండ్లు ఎవ్వలు?"

"తెలీదు కాకి. ఎక్కడో నెట్‌ల దొరికిండ్రు."

"ఏం పేర్లు పెట్టినవ్?"

"పెట్టలే."

"పేర్లు లేకుంట ఎట్ల తిరుగుతరు లోకంల?" ఊపిరి కోసం ఆగింది. "లత అని రాయి. వాడు సాయికుమార్. నన్ను బతికియ్యి గని, పోరగాండ్లను తియ్యకు. ఆల్లేం పాపం జేసిండ్రు? ఉండనియ్యి."

లస్మయ్య నోరు తెరిచాడు. అబద్ధమని వచ్చినవాళ్ళం అబద్ధం రాయించుకోవడమేమిటని అడగాలనుకున్నాడు. పెళ్ళయిన ఏడో ఏడు ఈమె సలాబత్‌పురా దర్గా దగ్గర కట్టిన తాడు గుర్తొచ్చింది. పదో ఏడు సమ్మక్క జాతరలో మొక్కిన బెల్లం. పద్నాలుగో ఏటి నుంచి ఆ మాటే ఎత్తకపోవడం. నోరు మూసుకున్నాడు. రెండు పేర్లనూ సుమన జాగ్రత్తగా, ఒక్కొక్క అక్షరం నొక్కి, కొట్టింది.

"సర్ ఓకే అన్నంక, రాత, ఫొటో రెండు రేపు పొద్దున వరకు మారిపోతయ్."

వెళ్ళేముందు కిట్టు తీసుకొమ్మంది. లస్మయ్య వద్దన్నాడు. ఇంకేం ఇవ్వాలో తెలియక ఆ పిల్ల అట్టపెట్టెలోంచి ఒక మెరుపు పొట్లం తీసి బాలవ్వ చేతిలో పెట్టింది. ఏదో కంపెనీ దానంగా పంపిన ముఖానికి రాసుకునే మందు. ఆకలిగా ఉన్నవాళ్ళకు ముఖవర్చస్సు తగ్గుతుందని ఆ కంపెనీకి ఎవరు చెప్పారో.

"ఏమైతది గిది రాస్తె?"

"ఏడు రోజులల్ల తెల్లగ, నున్నగ అయితవని రాసిండ్రు, కాకి. అది కూడ ఝూటే అనుకో."

"అరవై ఏండ్ల నలుపు ఏడొద్దులల్ల పోతదట!" బాలవ్వ పొట్లాన్ని కొంగున ముడేసుకుంది. "చూద్దాం తియ్యి. గా ఫొటోల ఈయనను నల్లగ జేసిండ్రు, నన్నన్న తెల్లగ జెయ్యని."

*

మెట్లు దిగేటప్పుడు ఆమె ఎక్కడా కూర్చోలేదు. లస్మయ్యకు గుండె మీది బీము దింపినట్టయింది. ఇంటికి చేరేసరికి నాలుగున్నర. నీళ్ళు తాగి, ముఖం కడుక్కుని, ఆమె అద్దం ముందు నిలబడింది. పొట్లం మూల పళ్ళతో చింపి, ఉలవగింజంత తీసి, రెండు బుగ్గలకూ రాసుకుంది. గదంతా పెళ్ళిపందిరి వాసన వచ్చింది.

"ఇయ్యాల ఒకటో రోజు," అంది.

"పండుకో జర. నేను బీము చూసుకొని వస్త. ఏడు గొట్టంగ వస్త."

"ఏమన్న తేపో. నోరంత సప్పగుంది. వాసన కూడ తెలుస్త లేదు గీ మందుది. నీకు తెలుస్తుందా?"

"గదంత వాసనే," అన్నాడు లస్మయ్య.

"అవునా," అంది, పడుకుంటూ.

రెండో బీము ఆయన చేతుల్లో నీళ్ళలా సాగింది. నాలుగు రోజుల తరువాత వేళ్ళు తేలికపడ్డాయి. ఒక్కో పోగుకు ఒక్కో మాట అతికాడు. ఫొటోలో ఆమె నవ్విన సంగతి, మనవల పేర్ల సంగతి పరమేశ్‌కు చెప్పాడు. "గిప్పుడు నువ్వు తాతవైనట్టేనా?" అని పరమేశ్ చాయ్ అడిగాడు. లస్మయ్య తాగించాడు కూడా. కర్ఫ్యూ పడకముందే తిరిగొస్తూ దారిలో పావుకిలో చింతచిగురు కోసం రెండు బండ్లు వెతికాడు. సూరత్‌లో దొరికేది కాదది. పుల్లటి గోంగూర దొరికింది.

తలుపు ఓరగా వేసి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. బాలవ్వ గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. లేపబుద్ధి కాలేదు. అలసిపోయింది, మూడంతస్తులెక్కింది. చప్పుడు కాకుండా స్టవ్వు వెలిగించాడు. గోంగూర ఉడకబెట్టాడు. పొద్దుటి అన్నం కొంచెం తాను పెట్టుకుని, మెత్తటి భాగం ఆమెకు వేరే గిన్నెలో తీశాడు. తిన్నాడు. గిన్నె కడిగేటప్పుడు చెంబు జారి బండమీద పడి గణగణా మోగింది.

ఆమె కదల్లేదు.

లస్మయ్య చెంబు తీయలేదు. అది దొర్లి దొర్లి ఆగేదాకా చూశాడు. తరువాత వెళ్ళి, మంచం దగ్గర గొంతుక్కూర్చుని, ఆమె పాదం పట్టుకున్నాడు. నాలుగు వేల పోగుల్లో తెగినదేదో ముట్టుకుని చెప్పగలిగే వేళ్ళవి.

*

మరునాడు శ్మశానంలో ఆమె పేరు ఇరవై ఆరోది. పరమేశ్, సంఘంవాళ్ళు ఇద్దరు, ఒక చెట్టుకింద దూరం దూరంగా కూర్చున్నారు. దగ్గరకు రావడానికి ఎవరికీ ధైర్యం లేదు, వెళ్ళిపోవడానికి ఎవరికీ మనసు లేదు. పది గంటలకు లస్మయ్య జేబులో ఫోను మోగింది.

"బావా! చూసినవా బావా!" అంబదాస్ గొంతు పండగ చేసుకుంటోంది. "ఫోన్ల మారింది! అక్క ఉన్నది, నీ పక్కన నిలవడ్డది, నవ్వుతుంది! అక్క పేరు కూడ రాసిండ్రు. ఊరంత చూపెట్టిన. పోశమ్మకు కల్లు సాక పోసిన. అవుగని బావా, గా పోరగాండ్లు ఎవ్వలే? లత అట, సాయికుమార్ అట..."

"అంబదాసూ," అన్నాడు లస్మయ్య. "జర కూసో."

చెప్పాడు. అవతల ఏదో కూలిన చప్పుడైంది. తరువాత చిన్నపిల్లవాడి గొంతుతో, "మల్ల పెట్టాల్నా బావా? పిట్టకు?"

ముందు వరుసలో ఎవరినో పిలిచారు, అందరూ ఒక అడుగు ముందుకు జరిగారు, ఆయనా జరిగాడు.

"వద్దు," అన్నాడు. "ముట్టింది కద. ఇగ చాలు."

సుమన ఫోను మధ్యాహ్నం, ఆయన గదికి తిరిగొచ్చి తలమీద నీళ్ళు పోసుకున్నాక వచ్చింది. మార్చేశాను, చూశావా కాకా అంది. సర్ కూడా ఒప్పుకున్నారంది. కాకి చూసిందా, ఏమంది అని అడిగింది. చెప్పాడు. ఆ పిల్ల ఏడుస్తుంటే ఊరుకోబెట్టే ఓపిక ఆయనకు లేదు. అయినా, "ఊకో బిడ్డా, నువ్వేం జేసినవ్," అన్నాడు. మెట్ల సంగతి ఆమె ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

"కాకా, మరి అది... ఇప్పుడు మళ్ళ ఝూట్ అయింది కద. మార్చాల్నా?"

తడి తలతో లస్మయ్య ఫోనును చెవి దగ్గర నుంచి తీసి చూశాడు. పరమేశ్ పంపిన ఫొటో అందులో ఉంది. ఆకుపచ్చ చీర. భుజానికి ఆనుకున్న తల. ఎవరూ కదిలించడానికి వీల్లేని నవ్వు. పక్కన ఇద్దరు పిల్లలు, పేర్లున్న పిల్లలు, ముక్కు కారుతున్నవాడు సాయికుమార్.

"ఉండనియ్యి," అన్నాడు. "గక్కడన్న ఉండనియ్యి. పోరగాండ్లు ఒక్కలే ఉంటరా?"

ఫోను పెట్టేశాక గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది. కత్తిరించని చీరలను ఒక మూలకు జరిపాడు. ముఖం తుడుచుకోవడానికి అద్దం దగ్గరకు వెళ్ళాడు. అద్దం కింది చెక్క మీద, గాలి పోకుండా రెండు మడతలు పెట్టి పిన్నీసు గుచ్చిన ఆ మెరుపు పొట్లం, ఇంకా ఆరు రోజుల మందుతో ఉబ్బెత్తుగా ఉంది.